కథానాయకుని కడపటి చిత్రము

ముంగిట ముగ్గు ఎంత చక్కగా నున్నను, కడపటి గీత కలియనిచో వెలితియే. డెబ్బదియేండ్లు జనుల మనస్సుల నేలిన నటుని కడపటి చిత్రమును చూచువారు దాని ముగింపును కథకే గాక యాతని జీవితమునకును ముగింపుగా నెంతురు. 2024 సెప్టెంబరులో శ్రీ అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతికి “దేవదాసు”, “ప్రేమాభిషేకం”, “మనం” చిత్రములను పలు నగరములలో మరల ప్రదర్శించిరి. నాటినుండి మన ప్రాంతపు స్త్రీల నడుమ “మనం” ముగింపును గూర్చి చర్చ మరల లేచినది.

1941లో “ధర్మపత్ని”తో తెరకు వచ్చిన నాగేశ్వరరావుగారు, తమకు క్యాన్సరు సోకినదని 2013 అక్టోబరులో తామే లోకమునకు తెలిపిరి. ఆ వ్యాధితో నుండియే కడపటి పాత్రకు కంఠము నొసగిరి. 2014 జనవరి 22న పరమపదించిరి. విక్రమ్ కుమార్‌గారు దర్శకత్వము వహించిన “మనం” మే 23న విడుదలయ్యెను.

కథ పునర్జన్మకు సంబంధించినది. తన పసితనమున ప్రమాదములో మరణించిన తల్లిదండ్రులు మరల జన్మించి యెదుట తిరుగుచుండుటను తొంబదియేండ్ల వృద్ధుడు గాంచును. వెనుకటి ప్రమాదము మరల గడియారపు స్తంభముకడ పొంచియున్నదని యెరిగి తల్లడిల్లును. కాని తుదకు కాపాడినవాడు ఆ వృద్ధుడు గాదు. అంతవరకు కథలో కానరాని యొక యువకుడు. ఆ పాత్రధారి నాగేశ్వరరావుగారి మనుమడు అఖిల్.

“బీజము నాటక ఫలము చూపుట దోషము గాదా? మనుమని లోకమునకు జూపుటకై తాతగారి గౌరవమును తగ్గించిరి” అని పుంగనూరి సోదరి యొకతె యాక్షేపించినది. మూడు రాష్ట్రములు కలియు కుప్పమున, 1953 నాటి “దేవదాసు”ను తెలుగునను తమిళమునను చూచిన ముదుసళ్లు గలరు. పార్వతి వాకిట ప్రాణము విడిచిన ముగింపే వారికి ముగింపు.

కథాసంవిధానమును బట్టి చూచిన పుంగనూరి సోదరి మాట కొంత నిజమే. అయినను లక్షణకర్తల మాటను మరువరాదు. నిర్వహణమున అద్భుతరసము నిలుపవలెనని భరతుడు చెప్పెను. ప్రధాననాయకుని మరణము చూపరాదని ధనంజయుడు “దశరూపకము”న నిషేధించెను. “దేవదాసు”న ఆ నిషేధము నిలువలేదు. 1981 నాటి “ప్రేమాభిషేకం”లో నాయకుడు క్యాన్సరుతోనే మరణించును. తెరమీద నిన్నిమారులు మరణించిన నటుడు, నిజమైన మృత్యువు గుమ్మమున నిలిచినపుడు, బ్రదికి నవ్వు వృద్ధుడై కనబడెను. నా మట్టుకు ఇదియే యీ చిత్రమునకు ప్రాణము.

మదనపల్లెలో మా యత్తగారి తల్లి యీ మాటనే నాకంటె సూటిగా ననినది: “దేవదాసు చచ్చినప్పుడు ఏడ్చితిని. ఈయన నవ్వుచుండగా అంతకంటె ఎక్కువ ఏడ్చితిని.”

ఇక తాతగారి గౌరవము తగ్గినదా? మనుమనికి తాత పేరు పెట్టి, పసివానిని “నాయనా” యని పిలుచు జాతి మనది. తాను చేయలేని పనిని మనుమడు చేయగా చూచి సంతసించుట యే పెద్దకు అవమానము? యౌవనమున ప్రత్యర్థిని గెలుచుట నాయకునకు లక్షణము. వార్ధకమున, గెలుపును పిన్నవారికి విడిచి ప్రక్కకు నిలుచుటయు నాయకలక్షణమే.

కావున కథగా ఆ ముగింపునకు ముప్పాతిక మార్కులే వేయుదును; వీడ్కోలుగా మాత్రము పూర్ణము. మన యిండ్లలో పెద్దలకు జబ్బు చేసినచో వారికి తెలియకుండ గుసగుసలాడుదుము. మంచము మూలకు జరిపి, చేతిలోని పనిని లాగుకొందుము. ఈ పెద్దమనిషి తన వ్యాధిని తానే చెప్పుకొని, చేపట్టిన పనిని ముగించి వెడలిరి. అట్టి ముగింపునకు మన యింటి పెద్దలకును అవకాశ మిచ్చుచున్నామా యని ఒక్కమారు తలపోయుడు.