దీపము తగ్గినమాట నిజమే

కృష్ణామండలమున పుట్టి, తొమ్మిదేండ్లుగా అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున నివసించుచున్న యొక సోదరి ఈ పుటకు పెద్ద జాబు వ్రాసినది. ఆమె కోరికపై పేరును, ఊరిని విడిచి, సారాంశమును మాత్రము పాఠకసోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

ఆమె అక్కడికి పెండ్లికూతురుగా వెళ్లినది. భర్తకు ఉద్యోగపు వీసా; ఆమెకు ఆ వీసాపై ఆధారపడిన హెచ్-4 వీసా. భర్త చదువరి, చమత్కారి, నలుగురిలో మంచివాడని పేరు మోసినవాడు. ఇంటిలోని మనిషి వేరు. ఉదయమున "నీ వీసా తీయించి పంపివేసెద"నును. సాయంకాలము పట్టుచీర తెచ్చును. మరునాడామె ఆ మాట యెత్తినచో "నేనట్లననేలేదు, నీకు మతి చలించుచున్న"దనును. 2017లో హెచ్-4 భార్యల ఉద్యోగానుమతిని ఎత్తివేయు యోచన యున్నదని ప్రభుత్వము ప్రకటించిననాడు, అతడా వార్తను అచ్చు తీసి, భోజనపు బల్లపై నామె కంచము ప్రక్కన నుంచెనట. ఒక్క మాటయు ననలేదు. మూడేండ్ల క్రిందట ఆమె కూతును వెంటబెట్టుకొని ఆ యిల్లు విడిచినది. అప్పటికే చదువుకొని, స్వంత ఉద్యోగమును, స్వంత వీసాను సంపాదించుకొన్నది.

2025 సెప్టెంబరు 19వ తేది శుక్రవారము సాయంకాలము, హెచ్-1బి వీసాలకు లక్ష డాలర్ల రుసుము విధించుచు అమెరికా అధ్యక్షుడు ఉత్తరువు చేసెను. ఉత్తరువు ఆదివారము తెల్లవారకముందే అమలులోనికి వచ్చునన్నారు. విదేశములలో నున్న ఉద్యోగులు ఒక్క దినములో తిరిగి రావలెనని పెద్ద కంపెనీలు జాబులు పంపినవి. బయలుదేరబోవు విమానములనుండి కొందరు దిగిపోయిరి. మరునాడు ప్రభుత్వమువారే ఇది క్రొత్త దరఖాస్తులకు మాత్రమనియు, ఇదివరకే వీసా కలవారికి వర్తింపదనియు వివరణ నిచ్చిరి. ఆమె తోటి ఉద్యోగినులు శుక్రవారము రాత్రి ఏడ్చి, ఆదివారమునాటికి నిద్రపోయిరి. ఈమె మాత్రము ఇల్లు విడిచిన రాత్రివలెనే పాసుపోర్టులు, బిడ్డ జన్మపత్రము, రెండు జతల బట్టలు సంచిలో సర్ది తలుపు ప్రక్కన పెట్టుకొని, పది దినములు నిద్ర లేక కూర్చున్నది. తమ్ముడు ఫోనులో నవ్వెను. "నాకు పిచ్చియా? లేక ఇతరులకు తెలియనిది నాకు తెలియుచున్నదా?" అని యామె ప్రశ్న.

ఆమెకు పిచ్చి లేదు. రెండవ ప్రశ్నకు సగము ఔననియు, సగము కాదనియు చెప్పవలసియున్నది. ఆ రెండు సగములను వేరుచేయుటకే ఈ మాసపు పుట.

లండనులో 1938లో పాట్రిక్ హామిల్టన్ అను రచయిత "గ్యాస్ లైట్" అను నాటకమును ప్రదర్శింపించెను. 1944లో అది హాలీవుడ్డులో చలనచిత్రముగా వచ్చెను. కథానాయికగా నటించిన ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఆస్కారు బహుమాన మిచ్చిరి. అందులో భర్త రహస్యముగా మేడపై గదిలోనికి పోయి దీపము వెలిగించినప్పుడెల్ల, క్రింద భార్య గదిలోని గ్యాసుదీపము మందగించును. దీపము తగ్గినదని యామె యనిన, అది యంతయు నీ భ్రమ యని నమ్మబలుకును. క్రమముగా నామె తన కన్నులను తానే నమ్మలేని స్థితికి వచ్చును. ఇట్టి పనికి ఇంగ్లీషువారు ఆ కథ పేరునే పెట్టి "గ్యాస్‌లైటింగ్" అనుచున్నారు. 2022లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువువారు ఆ సంవత్సరపు మాటగా దీనినే యెన్నుకొనిరి. ఇంటిలో పుట్టిన మాట రాజ్యవ్యవహారముల చర్చలోనికి ఎంతగా ప్రాకిపోయినదో చూడుడు.

ఇట్టి భర్తలను గూర్చి వ్రాయువారు నార్సిసిజం అను మాట వాడుదురు. నీటిలో తన ముఖమును తానే చూచుకొని మోహించిన గ్రీకు యువకుని పేరు నుండి వచ్చినదది; మనము ఆత్మమోహమందము. అమెరికా మనోవైద్యుల రోగనిర్ణయ గ్రంథమున 1980లో దీనికి వేరుగా స్థానము కల్పించిరి. కాని గర్వి యయిన ప్రతి పురుషునికి ఆ పేరు తగిలించుట మన పని కాదు. రాజకీయనాయకులకు తగిలించుట అంతకంటె కాదు. 1964లో ఒక పత్రిక, అధ్యక్షపదవికి పోటీచేయుచున్న బారీ గోల్డ్‌వాటర్ మనస్సు సరిగా నున్నదా యని వేలకొలది వైద్యుల నడిగి, వచ్చిన జవాబులు ప్రచురించి, కోర్టులో ఓడిపోయెను. స్వయముగా పరీక్షింపని ప్రజానాయకునికి రోగము అంటగట్టరాదని 1973లో ఆ దేశపు మనోవైద్య సంఘమువారు నియమము చేసికొనిరి. గృహిణులకును ఆ నియమము మంచిదే. ఎదుటివాని రోగమేదో మనకు తెలియనక్కరలేదు. అతని నడవడి మనలను ఏమి చేయుచున్నదో తెలిసిన చాలును.

ఆ నడవడిలో మూడు విషయములు ఈ సోదరి జాబులో స్పష్టముగా కనబడుచున్నవి. తన బ్రదుకు ఒక్క మనిషి చిత్తవృత్తిపై ఆధారపడియుండుట మొదటిది. ఆ చిత్తము ఎప్పుడు మారునో తెలియకుండుట రెండవది. మారిన పిమ్మట, మారనేలేదని చెప్పుట మూడవది. ఇట్టి యింటిలో ఏండ్ల తరబడి యున్న స్త్రీ గుమ్మములో చెప్పుల చప్పుడును బట్టియే ఆ రాత్రి యెట్లు గడచునో చెప్పగలదు. బిడ్డ నవ్వు గట్టిగా వినబడకుండ తలుపు మూయును. ఇది ఆమె నేర్చిన విద్య. కష్టపడి, దెబ్బలు తిని నేర్చినది. ఇల్లు విడిచినంత మాత్రమున దేహము ఈ విద్యను మరువదు.

ఇక రాజ్యము సంగతి. అర్హత గల హెచ్-4 భార్యలకు ఉద్యోగము చేసికొను అనుమతి 2015 మే 26 నుండి లభించెను. 2017లో దానిని తీసివేయుదుమనిరి. అప్పటినుండి నేడో రేపో యనుచు మూడేండ్లకు పైగా నాన్చి, 2021 జనవరిలో ఆ ప్రతిపాదనను వెనుకకు తీసికొనిరి. అనుమతి పోలేదు, నిజమే. కాని ఆ మూడేండ్లు ఆ స్త్రీలు కత్తిమీద సాము చేసిరి. వారిలో తెలుగువారెందరో. పిమ్మట 2025లో శుక్రవారము నొక మాట, శనివారము నొక మాట. ప్రభుత్వమునకు ఆ ఉద్దేశమే యున్నదని నేననను. ఏ పక్షము మంచిదో నిర్ణయించుటయు ఈ పుట పని కాదు. ఆమె దేహమునకు వినబడిన శ్రుతి మాత్రము పాతదే: ఒకరి నోటి మాటతో తెల్లవారునప్పటికి బ్రదుకు మారిపోవును, తెల్లవారిన పిమ్మట "అంత కంగారెందుకు, మేమట్లనలేదే" యని వినవచ్చును. తోటి ఉద్యోగినులు ఒక వార్త వినిరి. ఆమె ఒక వార్తను, ఒక గొంతును కలిపి వినినది.

బోస్టను ప్రాంతపు మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వ్రాసిన "ట్రామా అండ్ రికవరీ" యను గ్రంథమున, భర్తల చేత బాధింపబడిన స్త్రీలను, రాజకీయ ఖైదీలను ఒకే వరుసలో నుంచి పరిశీలించినది. చెరసాలలో ఖైదీ మనస్సును లొంగదీయుటకు వాడు పద్ధతులే — మనుష్యుల నుండి విడదీయుట, చిన్న చిన్న అనుగ్రహములు, ఎప్పుడు వచ్చిపడునో తెలియని కోపము — ఇంటిలోను వాడబడుచున్నవని యామె చూపినది. పండితులు ఇంటి బాధను ఇంటిలోనే, రాజ్యబాధను రాజ్యములోనే యుంచి మాటలాడు వాడుక దానితో కొంత సడలినది. మన యిండ్లలో ఏ అమ్మమ్మ నడిగినను ఈ సంగతి చెప్పియుండెడిదే. అయినను గ్రంథమున కెక్కినగాని పురుషులు వినరు గదా!

ఆరెగన్ విశ్వవిద్యాలయమున బోధించిన జెన్నిఫర్ ఫ్రెయిడ్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు ఇంకొక విషయము చెప్పినది. అపరిచితుడు చేసిన కీడుకంటె, మనము ఆధారపడినవారు చేసిన కీడు లోతుగా దిగును. రక్షింపవలసిన సంస్థలు చేయి విడిచినప్పుడును అంతే. భర్త నుండి తప్పించుకొనివచ్చి చట్టమును, దేశమును నమ్ముకొన్న స్త్రీకి, ఆ దేశమే చంచలముగా తోచుట రెండవ భర్త తటస్థించినట్లుండును. తమ్ముడు నవ్వినది ఇది తెలియకనే.

ఇది యామెకు తెలిసిన సగము. తెలియని సగము ఒకటున్నది. చెప్పుల చప్పుడును పోల్చగల దేహమునకు చట్టము చదువుట రాదు. క్రొత్త దరఖాస్తుకును, ఇదివరకున్న వీసాకును గల భేదము దానికి పట్టలేదు. వివరణ వచ్చిన పిమ్మటను సంచి తలుపు ప్రక్కననే యుండెను. ఆ గొంతు వినబడిన ప్రతిచోటను ఆ భర్తయే యున్నాడని దేహము సాక్ష్యమిచ్చును. అన్నివేళల నది నిజము కాదు. కొందరు సోదరీమణులు పొరుగింటి వృద్ధుడు వేరొక పక్షమునకు వోటు వేసెనని తెలిసి, అతనిలో తమ భర్తను చూచి భయపడుదురు. అతడు పాపము నిన్నటివరకు వారి పిల్లకు సైకిలు బాగుచేసిపెట్టినవాడే. మరికొందరి నడత దీనికి విరుద్ధము. "నేనున్నాను, నీకు భయము లేదు" అని బల్ల గ్రుద్ది చెప్పు నాయకుని వెంట, వాడే పక్షమువాడైనను, కన్నులు మూసికొని పోవుదురు. పెండ్లిచూపులనాడు మొదటి మగడును ఆ మాటయే యన్నాడని వారికి గుర్తు రాదు. ఈ రెండవ తెగవారిని గూర్చి ఎవరును వ్రాయరు గాని, నాకు వచ్చు జాబులలో వారే యెక్కువ.

రాత్రి పొడుగున వార్తలు చూచుట ఈ బాధలో సామాన్యము. కాపలా మానినచో ఆపద వచ్చునని లోపలి భయము. భర్త ఇంటిలో అది నిజముగా పనికివచ్చినది: ఆమె మేలుకొని యున్న రాత్రి బిడ్డ దెబ్బ తప్పించుకొన్నది. రాజ్యము విషయములో ఆమె మేలుకొని యున్నందువలన ఉత్తరువొకటియు ఆగదు. అక్కడ కాపలాకు ఇతరులున్నారు. లక్ష డాలర్ల రుసుముపై అక్టోబరు నెలలోనే ఉద్యోగ సంఘములును, వాణిజ్య మండలియు వేర్వేరుగా కోర్టుకెక్కినవి. గెలుపోటము లట్లుండనిండు, ఆ యింటిలో ఆమె యొంటరి, ఇచ్చట ఒంటరి కాదు. నా సలహా యేమనగా, దినమున కొకసారి, పగటివేళ, అర్ధగంట సేపు, నమ్మదగిన ఒక్క పత్రిక మాత్రము చదువవలెను. రాత్రి ఫోనును వంటింటి అలమరలో పెట్టవలెను. నెల దాటినను నిద్ర రానిచో వైద్యుని చూడవలెను. ఇందు సిగ్గుపడవలసినది లేదు.

సంచిని విప్పివేయుమని మాత్రము చెప్పను. తలుపు ప్రక్క నుండి తీసి బీరువాలో పెట్టిన చాలును. పాసుపోర్టులు, వీసా పత్రములు, ఐ-94 పత్రము, బిడ్డ సంరక్షణను గూర్చిన కోర్టు తీర్పు — వీని నకళ్లు ఒక కట్టగా చేసి నమ్మకమైన స్నేహితురాలి యొద్ద నుంచవలెను. వలస చట్టము తెలిసిన న్యాయవాదితో ఒక గంట మాటలాడి, "నాకు వర్తించునది యేది, వర్తించనిది యేది" అని కాగితముపై వ్రాయించుకొనవలెను. భయము పుట్టిన రాత్రి చదువుకొనుటకు ఆ కాగితము. ఇంకను అట్టి యింటిలోనే యున్న హెచ్-4 సోదరీమణులకు ఒక సంగతి: హింసకు గురియైన భార్యలు తాము ఉద్యోగము చేసికొనుటకు అనుమతి కోరవచ్చునని 2006 జనవరిలో అమెరికాలో చట్టమయ్యెను. ఆచరణలోనికి వచ్చుటకు పదేండ్లు పట్టినది. దేహముపై దెబ్బలే యుండనక్కరలేదు. తీవ్రమైన మానసిక క్రూరత్వమును అందులో చేరును. న్యూజెర్సీలో 1985లో పుట్టిన మానవి, న్యూయార్కులో 1989లో పుట్టిన సఖి, కాలిఫోర్నియాలో 1991లో పుట్టిన మైత్రి — ఇవి మన ప్రాంతముల స్త్రీల కొరకు మన స్త్రీలే స్థాపించిన సంఘములు. దేశమంతటికిని గృహహింస సహాయ కేంద్రపు ఫోను 1-800-799-7233.

ఇక ఇక్కడి తల్లులతో ఒక మాట. అమ్మా, దూరదేశముననున్న బిడ్డ ఫోనులో "నాకు భయముగా నున్నది" అనినప్పుడు, "అందరికి లేని భయము నీకెందుకు" అనకుము. ఆ మాట ఆమె పెండ్లి నాటినుండి ప్రతిదినము వినినదే. "గ్యాస్ లైట్" చిత్రములో ఆ భార్యను రక్షించినది ఉపదేశము కాదు. ఒక పోలీసు ఉద్యోగి గదిలోనికి వచ్చి, దీపము వంక చూచి, నిజముగానే తగ్గినదని చెప్పెను. ఆ మాటతో నామె నిలబడినది. మన దేశములో నున్నవారికిని, మాటలతోను, మనస్సును బాధించుటతోను చేయు హింస హింసయే యని 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టమున స్పష్టముగా నున్నది. అది 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. 181కి ఫోను చేయవచ్చును.

జాబు చివర ఆ సోదరి ఇంకొకటి యడిగినది: మాఘమాసములో చెల్లెలి పెండ్లికి విజయవాడ రావచ్చునా యని. వీసా ముద్ర కాలము తీరినదో లేదో వ్రాయలేదు. తీరియున్నచో ఇచ్చట మరల వేయించుకొననిదే తిరిగి పోవుటకు వీలు లేదు. ఆ నియామకములకు ఎంత కాలము పట్టునో ముందుగా న్యాయవాదిని అడుగుడు. రాలేని పక్షమున, అక్క ఎందుకు రాలేదో చుట్టములకు మీ అమ్మగారినే చెప్పుమనుడు; మీరు ఫోనులో ఒక్కొక్కరికి సంజాయిషీ చెప్పుకొనవద్దు. తలంబ్రాలవేళకు అక్కడ అర్ధరాత్రి యగును గాన, పాపను ముందుగా నిద్రపుచ్చి, ఆ వేళకు లేపి చూపుడు.

ఈ విషయమై వచ్చిన తక్కిన జాబులకు వచ్చు సంచికలో జవాబు వ్రాసెదను.