రిమోటు అందరి చేతికీ రావాలి

మొన్న అల్మాస్‌గూడ గ్రౌండులో రిమోటు విమానం మొదటిసారి నడిపినందుకు మీరందరూ నన్ను మెచ్చుకున్నారు. గాలికి ఎదురుగా వదిలితే అదే పైకి లేచింది. దూరం పోయేటప్పుడు సులువే. మన వైపు తిరిగినప్పుడే తిరకాసు, దాని కుడి మనకు ఎడమ అయితది! ఇది చప్పట్లు కొడుతూ చూస్తే రాదు, రిమోటు పట్టుకుంటేనే వస్తది.

మార్కులొచ్చిన నలుగురికే ఇచ్చారు. అందులో నేనూ ఉన్నాను, అయినా అది సరికాదంటాను. పడితే విరుగుతదని భయమట. థర్మాకోల్ రెక్కే కదా, ఫెవికాల్‌తో అతుకుతది. రైట్ సోదరుల విమానం 1903 డిసెంబరు 14న లేస్తూనే పడి దెబ్బతిన్నది. బాగుచేసుకొని 17న ఎగిరారు. డేగ రెక్క ఆడించకుండా గాలిలో తేలడం ఊళ్ళో చూస్తూ పెరిగినోళ్ళం, మాకు గాలి కొత్తా? వార్డెన్ మేడం గారూ, చీటీలు వేయండి. తలా రెండు నిమిషాలు, ఆరో తరగతి చెల్లెళ్ళకు ముందు.