ఆ బోర్డు మేం రాస్తాం

మందసలో చూడదగ్గవి ఏమున్నాయని ఎవరినైనా అడగండి. వాసుదేవ పెరుమాళ్ గుడి అంటారు. రాజావారి కోట అంటారు. వెళ్లేటప్పుడు కోవా కట్టించుకుపొమ్మంటారు. మూడూ నిజమే. కోవా మేమూ కట్టించుకున్నాం. కానీ ఇదే మందస జమీందారీలో 1940లో రైతులు అడవి మీద హక్కు కోసం తిరగబడ్డారు. ఆ మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో గుడారి రాజమణిపురం గున్నమ్మ నేలకొరిగింది. ఆమెకు స్మారకం ఉంది. సంతోషం. కానీ ఆ అడవి ఎవరిది, ఆ తుపాకి ఎవరి కోసం పేలింది, ఒక రైతు స్త్రీ ఎందుకు ఎదురు నిలబడింది అని బడిపిల్లలకు వరసగా చూపించే గది ఒక్కటి మా కంట పడలేదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లండి. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకుని పోతాయి. ఆ ఊరివాళ్లు వాటిని చుట్టాల్లా చూసుకుంటారు. వాటి కోసం అక్కడ మ్యూజియం కూడా పెట్టారు. మాకు పక్షుల మీద కోపం లేదు. కానీ ఆర్నెల్లుండి పోయే పక్షికి దొరికిన గది, ఇక్కడే పుట్టి ఇక్కడే మట్టిలో కలిసేవాళ్లకు ఎందుకు దొరకలేదు?

'మీరెప్పుడొచ్చారు?' అని మమ్మల్ని అడుగుతుంటారు, నిన్న రాత్రి రైలు దిగినట్టు. శ్రీకాకుళం జామియా మసీదును గోల్కొండ ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. అంటే నాలుగు వందల ఏళ్లు కావస్తోంది. అయితే ఒక మాట. మేం షేర్ ముహమ్మద్ ఖాన్ వారసులం కాము. ఆ మసీదుకు రాళ్లు మోసినవాళ్ల, ఆ ఫౌజుదారు గుర్రానికి గడ్డి కోసినవాళ్ల వారసులం. ఆ రాయి మోసినవాడి పేరు ఏ బోర్డు మీదా లేదు.

ఈ వ్యాసం బోర్డుల గురించే. మ్యూజియంలో వస్తువు పక్కన ఉండే చిన్న అట్టముక్క గురించి.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో మ్యూజియం చూడబోయాం. ఊరి పేరెందుకు? ముక్కు విరిగిన ఒక విగ్రహం పక్కన బోర్డు: 'ముస్లిం దండయాత్రలో ధ్వంసమైనది.' ఏ దండయాత్ర? ఏ సంవత్సరం? శాసనం ఏదైనా ఉందా? అక్కడి ఉద్యోగిని అడిగాం. ఆయన మంచివాడే. తల గోక్కుని, 'ఏమో సార్, బోర్డులు కాంట్రాక్టరు రాయించాడు' అన్నాడు. మా పక్కనే ఒక పిల్లాడు నోట్సు పుస్తకంలో ఆ వాక్యం ఎక్కించుకుంటున్నాడు. విగ్రహం వానకు విరిగిందో, నాగలి తగిలి విరిగిందో, నిజంగా ఎవడైనా విరగ్గొట్టాడో ఎవరికీ తెలీదు. కానీ ఆ పిల్లాడు బడికెళ్లి పక్క బెంచీలో ఉన్న మా పిల్లాణ్ణి ఏ కళ్లతో చూస్తాడో మాకు తెలుసు.

మూడే మూడు మాటలు. అవి రాసినవాడికి కూలి ముట్టింది. దాని ధర మేం కడుతున్నాం.

పత్రికల్లో ఇంతకంటే పెద్ద అబద్ధాలొస్తాయి. వాటికి జవాబు రాయొచ్చు, మర్నాడు అవి పొట్లాల కాగితాలవుతాయి. మ్యూజియం బోర్డుకు జవాబు రాసే చోటు లేదు. అది ముప్ఫై ఏళ్లు అలాగే వేలాడుతుంది. దాని వెనక సర్కారు గోడ ఉంటుంది.

బోర్డు గాల్లోంచి రాదు. దాని వెనక ఒక వృత్తి ఉంది. ఎగ్జిబిషన్ డిజైన్ అంటారు. మ్యూజియంలో ఏ వస్తువు ముందు రావాలి, ఏది వెనక ఉండాలి, ఏది కొట్టుగదిలో పడి ఉండాలి, చూసేవాడు ఏ దారిన నడవాలి, ఎక్కడ ఆగాలి, అద్దాల పెట్టె పిల్లాడి కళ్లకు అందుతుందా లేదా, దీపం ఎంత వెలుగు ఇవ్వాలి, ఇవన్నీ తేల్చేవాడు డిజైనరు. పాత కాగితం మీద, నేత బట్ట మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడనీయకూడదని అతనికి తెలిసుండాలి. లేకపోతే పొందూరు ఖద్దరైనా చేతిరాత ఖురానైనా వెలిసిపోతుంది. ఇదంతా సాంకేతిక విద్యలాగే కనిపిస్తుంది. కానీ ఏ వస్తువు మీద దీపం వెలగాలో తేల్చడం రాజకీయం.

హైదరాబాదు సంగతే చూడండి. 1948 పోలీసు యాక్షన్ అయింది. 1949లో మూడో సాలార్ జంగ్ వారసుల్లేకుండా పోయాడు. ఆయన మహళ్లలో చెల్లాచెదురుగా పడున్న వస్తువుల్ని సర్దిపెట్టే పనిని ముఖ్య పౌర పాలకుడు వెల్లోడి, జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుడికి అప్పజెప్పాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం తెరిచాడు. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది. ఈనాటికీ జనం గడియారం ముందు గుమిగూడతారు, ముసుగు రెబెక్కా ముందు నోళ్లు తెరుస్తారు. తెరవాల్సిందే. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లు పెట్టి నిజాం నగలు కొన్నది. కొననీయండి. కానీ ముస్లిం అంటే నవాబు, నవాబు అంటే కత్తి, నగ, హుక్కా అనే బొమ్మ ఈ గదుల్లోంచే తయారైంది. ఆ బొమ్మకు రెండు ఉపయోగాలు. 'వీళ్లు మనల్ని ఏలినవాళ్లు' అని ఒకడు పళ్లు నూరడానికి. 'మేం ఏలినవాళ్లం' అని పూట గడవని మావాడు మీసం దువ్వడానికి.

మరి నవాబులు కాని ముస్లింలెవరు? 2007లో రాష్ట్ర ప్రభుత్వం బి.సి.-ఇ జాబితా తయారుచేసింది. చదవండి. అచ్చుకట్లవాండ్లు. అత్తరు సాయిబులు. ధోబీ ముస్లింలు. ఫకీర్లు. గారడీ ముస్లింలు. గుడ్డి ఎలుగువాళ్లు. హజాములు. బోరేవాలే. ఖురేషీలు. సిద్దీలు. తురకకాశలు, అంటే అరిగిపోయిన తిరగళ్లకు, రోళ్లకు గంట్లు పెట్టేవాళ్లు. దూదేకుల వాళ్లు అంతకుముందు నుంచీ బి.సి.-బిలో ఉన్నారు. ఈ పేర్లలో ప్రతి ఒక్కటీ ఒక పనిముట్టు, ఒక పాట, ఒక కేక. తెలుగువాళ్ల తిరగళ్లకు గంటు పెట్టింది మేం. తెలుగువాళ్ల పరుపుల్లో దూది ఏకింది మేం. మీ పెళ్లికి అత్తరు, మీ పిల్లల ముందు గారడీ మావే. ప్రభుత్వానికి జాబితా రాయడం తెలుసు. మరి ఆ దూది ఏకే విల్లు, గంట్లు పెట్టే ఉలి ఏ అద్దాల పెట్టెలో ఉన్నాయి? రేపు ఆ ఉలి పట్టిన చివరి చెయ్యి పోతుంది. అప్పుడు మేం ఉన్నామనడానికి కత్తులే సాక్ష్యం మిగులుతాయి.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు నొచ్చుకుంటారు. 'అందుకే కదా పీర్ల పండుగ ఫొటో పెట్టాం' అంటారు. పెట్టారు. కింద 'మత సామరస్యం' అని రాశారు. భాయీ, మేం పండుగ రోజు మాత్రమే బతికుంటామా? మిగిలిన మూడు వందల అరవై రోజులు ఏం తిన్నాం, ఏం కుట్టాం, ఎవరికి అప్పుపడ్డాం, ఇవి చరిత్ర కావా? మమ్మల్ని తిట్టే బోర్డు ఒకటి, మమ్మల్ని ముద్దుచేసే బోర్డు ఒకటి. రెండూ మమ్మల్ని అడక్కుండా రాసినవే.

మా ఇంటి తప్పు కూడా చెప్పుకోవాలి. మన దగ్గర ఆర్ట్స్ చదివిన పిల్లాడంటే పనికిరానివాడు. బొమ్మ గీస్తే గుస్సా. మెకానిక్ షెడ్డయినా సరే, గల్ఫ్ వీసా అయినా సరే, మ్యూజియంలో ఉద్యోగమంటే మాత్రం 'బుతుల మధ్య ఏం పని బేటా?' అంటాం. అలా అనే పెద్దలకు గులాం యజ్దానీ పేరు గుర్తు చేస్తున్నాం. 1914లో ఏర్పడిన హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖకు మొదటి అధిపతి ఆయనే. అజంతా చిత్రాలు రాలిపోతుంటే 1920ల మొదట్లో ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి నిలబెట్టిన శాఖ అది. ఆయన తయారుచేసిన అజంతా సంపుటాలు 1930 నుంచి 1955 దాకా వచ్చాయి. అయిదు పూటల నమాజు చదివే సమాజం నుంచి వచ్చినవాడు బుద్ధుడి కన్నీటి చారను కూడా చెరిగిపోనివ్వలేదు. తర్వాత ముహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ నాగార్జునసాగర్ ముంపులో పోతున్న ఏలేశ్వరాన్ని తవ్వించి, దాని మీద గ్రంథం అచ్చు వేయించాడు. ఈ పేర్లు మన పిల్లలకు తెలీవు. 'విగ్రహాలు విరగ్గొట్టినవాళ్లు' అనే బోర్డు చదివిన ఆ పిల్లాడికి అంతకన్నా తెలీవు.

ఈ వృత్తికి దారులు లేవా? ఉన్నాయి. బరోడా విశ్వవిద్యాలయంలో 1952 నుంచి మ్యూజియాలజీ చెబుతున్నారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో మ్యూజియాలజీ శాఖ ఉంది, మూసా డాక్రీ మ్యూజియం ఉంది. అహ్మదాబాదులో 1961లో పెట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఎగ్జిబిషన్ డిజైన్ ప్రత్యేకంగా నేర్పుతారు. ఆ సంస్థ అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులతో కలిసి 1965లో నెహ్రూ జీవితం మీద పెద్ద ప్రదర్శన తయారుచేసింది. దేశం తన కథ తాను చెప్పుకోవడానికి డిజైనర్లను అలా వాడుకుంది. అహ్మదాబాదు అనగానే మా తల్లులకు 2002 గుర్తొస్తుంది. 'అక్కడికా?' అంటారు. ఆ భయం నిజమైనదే. ఆ భయాన్ని పోగొట్టడం మా పని మాత్రమే కాదు, ఈ దేశం పని. అయినా పిల్లలు వెళ్లాలి. అక్కడ నేర్పే విద్య మాకు వ్యతిరేకంగా వాడుతున్నప్పుడు మరీ వెళ్లాలి.

వెళ్లే పిల్లలు చేతులూపుకుంటూ వెళ్లడం లేదు. ఒక బోర్డు మీద తెలుగూ ఉర్దూ రెండూ రాయాలనుకోండి. తెలుగు ఎడమ నుంచి కుడికి పోతుంది, ఉర్దూ కుడి నుంచి ఎడమకు వస్తుంది. గోడ పొడుగునా పది బోర్డులుంటే తెలుగు చదివేవాడికి కథ ఎడమ చివర మొదలవుతుంది, ఉర్దూ చదివేవాడికి కుడి చివర. ఇద్దరికీ ఒకే కథ చెప్పాలంటే ఆ గోడను ఎలా కట్టాలి? ఈ చిక్కు రెండు భాషల మధ్య పెరిగిన మాకు పుట్టుకతో తెలుసు. పొద్దున ఒక లిపిలో, రాత్రి ఒక లిపిలో బతికినవాళ్లం. ఇన్నాళ్లూ దీన్ని 'తెలుగు సరిగా రాదు, ఉర్దూ సరిగా రాదు' అని రెండువైపులా వెక్కిరించారు. అదే మా అర్హత.

చివరికి ఒక ప్రశ్న వస్తుంది. వస్తుందని తెలుసు. 'మందస వైపు మీరెంతమంది? శ్రీకాకుళం జిల్లాలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఇక్కడ ముస్లిం మ్యూజియం కావాలా?'

వద్దు. ముస్లిం మ్యూజియం మాకొద్దు. మమ్మల్ని ఇంకో పెట్టెలో పెట్టి తాళం వేయొద్దు. ఈ ఉద్దానం తీరానికి తన మ్యూజియం కావాలి. అందులో గున్నమ్మ ఉండాలి. పలాసలో జీడిపిక్కలు కొట్టి జీడిరసానికి నల్లబడిన ఆడవాళ్ల వేళ్లుండాలి. మందస కొండల సవరల గోడబొమ్మలుండాలి, కింద రాత సవర భాషలో ఉండాలి, ఒడియాలో ఉండాలి. నౌపడ ఉప్పు ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చిన కొబ్బరి మొద్దు ఒకటుండాలి. కిడ్నీ జబ్బుతో ఊళ్లకు ఊళ్లు ఎలా ఖాళీ అవుతున్నాయో చెప్పే నీళ్లబిందె ఒకటుండాలి. వీటి మధ్య, వీటితో పాటు, దూదేకుల విల్లు ఒకటుండాలి.

ఆ గదుల్ని టెండరు పిలిచి, మందస ఎక్కడుందో తెలీని నగరపు కంపెనీకి అప్పజెప్పొద్దు. గిడుగు రామమూర్తి 1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాల్ని వెలుగులోకి తెచ్చాడు. పర్లాకిమిడిలో ఉండి సవరల భాష నేర్చుకున్నవాడు ఆయన. ఈ నేల సంగతి ఈ నేలను నడిచి చూసినవాడికే తెలుస్తుంది. సవర పిల్లను చదివించండి. జీడి కార్మికురాలి కొడుకును చదివించండి. మా బిడ్డనూ చదివించండి, ఫీజు కట్టండి, ఉద్యోగం ఇవ్వండి. ప్రతి బోర్డు కింద రాసినవాళ్ల పేరు, ఆధారం వేయించండి. అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండాలి.

యజ్దానీ అజంతాను కాపాడినట్టు, మా బిడ్డ గున్నమ్మ గదిని కడుతుంది. ఏ దీపం ఎక్కడ వెలగాలో ఆమెకు తెలుస్తుంది. రాజావారి కత్తినీ పెడుతుంది, దాని వల్ల ఎవరు తెగారో కూడా రాస్తుంది. విరిగిన విగ్రహం వస్తే, ఎలా విరిగిందో తెలిస్తే రాస్తుంది. మావాడే విరగ్గొట్టాడని రుజువైతే అదీ రాస్తుంది. తెలియకపోతే 'తెలియదు' అని రాస్తుంది.

ఆ ఒక్క మాట రాసే నిజాయితీ కోసమే అడుగుతున్నాం. అద్దం లోపల మేం చాలాకాలం నిలబడ్డాం. ఇక బయటికొస్తాం. ఆ బోర్డు ఇటివ్వండి, మేం రాస్తాం.