ఎనిమిదేళ్లు నిండేదాకా ఆగకండి

మీ ఇంట్లో ఒకటో రెండో తరగతి చదివే పిల్లలుంటే ఈ రాత్రే ఒక పని చేయండి. బడిలో చెప్పే తెలుగు వాచకం పక్కన పెట్టి, ఎప్పుడూ చూడని కథల పుస్తకంలోంచి నాలుగు చిన్న వాక్యాలు చదివించండి. వాచకం వద్దనడానికి కారణం ఉంది. బడిలో పాఠాన్ని అందరూ కలిసి గొంతెత్తి చదువుతారు. ముప్పై గొంతుల మధ్య చదవలేని గొంతు బయటపడదు. నాలుగుసార్లు వినేసరికి పాఠం మొత్తం నోటికి వచ్చేస్తుంది. బొమ్మను బట్టి పేజీ గుర్తుపట్టి, వరస మీద వేలు నడుపుతూ గడగడా అప్పజెప్పేస్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే వేలు ఒక మాట మీద ఉంటుంది, నోరు వేరే మాట పలుకుతుంటుంది. పాఠాలు చిన్నవైనన్నాళ్లూ ఇది సాగుతుంది. మూడో తరగతిలో పేజీలు పెరిగి, పరిసరాల విజ్ఞానం, లెక్కల్లో రాతప్రశ్నలు వచ్చిపడ్డాక జ్ఞాపకం ఒక్కటే అంత బరువు మోయలేదు. అప్పటికి మూడేళ్లు పోయి ఉంటాయి.

డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఆ మూడేళ్లే అన్నిటికన్నా విలువైనవి. చదవడం నేర్పే సాయం ఎంత చిన్న వయసులో మొదలైతే అంత బాగా పనిచేస్తుందని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. మన ఇళ్లలోనూ బళ్లలోనూ ఆ కాలమంతా "చూద్దాంలే, ఎదిగితే అదే వస్తుంది" అన్న మాటతో గడిచిపోతోంది. తర్వాత ట్యూషన్, ఆ తర్వాత బెత్తం.

డిస్లెక్సియా అంటే మందబుద్ధి కాదు, బద్ధకం కాదు, పెంపకంలో లోపం అసలే కాదు. మాటలోని శబ్దాలను విడదీసి అక్షరాలతో జతచేసే పనిని మెదడు కొందరిలో కష్టంగా, నెమ్మదిగా చేస్తుంది. పుట్టుకతో వచ్చే తేడా ఇది. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు పెర్సీ అనే పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. చురుకైన పిల్లాడు, లెక్కలు బాగానే చేసేవాడు, ఏడేళ్ల వయసు నుంచీ చదువు చెప్పిస్తూనే ఉన్నారు. అయినా తన పేరునే అక్షరాలు తారుమారు చేసి రాశాడు, ఆ తప్పు తనకు కనిపించలేదు. చదువంతా నోటితో చెప్పేదైతే బడి మొత్తంలో ఇతనే మేటి అవుతాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ప్రోగ్రెస్ కార్డుల మీద "తెలివి ఉంది, శ్రద్ధ లేదు" అనే రాస్తున్నాం. ఆ రెండు ముక్కల్లో మొదటిది నిజం. రెండోది ఆ పసివాడి మీద మోపే నేరం.

తెలుగును పలికినట్టే రాస్తాం కాబట్టి ఈ సమస్య ఇంగ్లిష్ మీడియం వాళ్లకేనని చాలామంది నమ్మకం. అది తప్పు. బి, డి తారుమారు చేస్తున్నారా అని ఇంగ్లిష్ పుస్తకాల్లో చెప్పిన లక్షణాల కోసం వెతికితే తెలుగు చదివే పిల్లల్లో అసలు గుర్తులు తప్పిపోతాయి. మన లిపిలో శబ్దానికీ రాతకూ పొందిక ఎక్కువ గనక చాలామంది తంటాలు పడి తప్పుల్లేకుండానే చదువుతారు, కానీ వేగం రాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏముందో మరిచిపోతారు. ద, థ, ధలకూ ప, వ, షలకూ తేడా ఎన్నిసార్లు చెప్పినా నిలవదు. గుణింతం పాటలా అప్పజెప్పినవాళ్లే మధ్యలో 'కె' ఒక్కటే చూపిస్తే తడబడతారు. అన్నిటికన్నా ముందు దొరికిపోయేది ఒత్తుల దగ్గర. 'పుస్తకం' అని చెప్పి రాయించండి: 'పుసతకం' అనో 'పుతకం' అనో రాస్తారు, మర్నాడు ఇంకోలా రాస్తారు. ఒత్తు అక్షరం కింద ఉంటుంది, పలకడం దాని తర్వాత. ఈ అమరిక పట్టుబడటానికి ఏ పిల్లలకైనా కొంత కాలం పడుతుంది. తోటివాళ్లంతా దాటేసినా ఒకరే అక్కడ ఆగిపోతే అది పట్టించుకోవాల్సిన విషయం.

అక్షరాలు మొదలు కాకముందే కొన్ని జాడలు కనిపిస్తాయి. మాటలు ఆలస్యంగా రావడం. అయిదేళ్లు దాటినా అరటిపండును 'అటరిపండు' అంటుండటం. వారాల పేర్లు వరసగా నిలవకపోవడం. తెలిసిన రంగు పేరు కూడా నోటికి వెంటనే అందకపోవడం. 'పలక'లోంచి 'ప' తీసేస్తే ఏం మిగిలింది అని అయిదారేళ్ల పిల్లలను ఆటగా అడగండి. చాలామంది 'లక' అని నవ్వుతారు. ఎన్నిసార్లు ఆడినా అది అందని పిల్లల మీద ఒక కన్నేసి ఉంచాలి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు కలిసి, ఇంట్లో మరొకరికీ చదువు కష్టమైన చరిత్ర ఉంటే మాత్రం ఆగకూడదు. డిస్లెక్సియా కుటుంబాల్లో నడుస్తుంది. "మేనమామ పోలిక, వాడికీ చదువు అబ్బలేదు" అని సరిపెట్టుకునే మాట నిజానికి బలమైన సూచన. ఏడో తరగతిలో బడి మానేసి, ఈరోజు ఏ ఇంజనైనా విప్పి బిగించగల ఆ మేనమామకు చిన్నప్పుడు ఏం జరిగిందో ఒకసారి అడగండి.

చదవలేని ప్రతివారికీ డిస్లెక్సియా ఉన్నట్టు కాదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే ప్రకారం 2022లో దేశంలో గ్రామీణ ప్రాంతాల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. ఇది ఎక్కువగా బోధన లోపం, కరోనా మింగిన బడి రోజుల ఫలితం. ఈ గుంపులోనే డిస్లెక్సియా పిల్లలు మరుగున పడతారు. తరగతిలో సగం మందికి చదువు రాకపోతే వీళ్ల కష్టం వేరని ఏ టీచరు పోల్చుకోగలరు? అందుకే కొన్ని నెలల పాటు పద్ధతిగా, చిన్న బృందంలో నేర్పి చూడటమే మొదటి పరీక్ష. మిగతావాళ్లు పుంజుకుంటారు. పుంజుకోనివారిని నిపుణులకు చూపించాలి. అంతకంటే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. చూపు, వినికిడి బాగున్నాయని తేలితేనే తర్వాతి మాట.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. డిస్లెక్సియాకు మందు లేదు. రంగు అద్దాలు, కంటి వ్యాయామాలు దీన్ని నయం చేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే ఉమ్మడిగా ప్రకటించాయి. మన ఊళ్లలో కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివిస్తామంటూ 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' పేరుతో వేలకు వేలు గుంజే శిబిరాలు నడిచాయి. గంతల సందులోంచి చూసి చెప్పే గారడీ అది. ఆ డబ్బుకంటే, ఆ శిబిరం ఫలితం కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకునే ఏడాదే పెద్ద నష్టం.

పనిచేసేది శ్రద్ధగా, క్రమంగా, శబ్దం నుంచి అక్షరానికి వెళ్లే బోధన. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ గత శతాబ్దం మొదటి సగంలో రూపొందించిన పద్ధతిలో అక్షరాన్ని కంటితో చూస్తూ, నోటితో పలుకుతూ, చేత్తో దిద్దుతూ ఒకేసారి నేర్చుకుంటారు. మన వీధిబడుల్లో ఇసుక మీద ఓనమాలు దిద్దించిన పెద్దలకు ఇది కొత్తగా తోచదు. పళ్లెంలో బియ్యమో ఇసుకో పోసి, వేలితో 'మ' దిద్దుతూ పైకి పలికించండి. ఒక రోజు ఒకే అక్షరం, దానికి ఒకే గుణింతపు గుర్తు. ఒత్తులు మరీ తొందరపడి మొదలుపెట్టొద్దు. రోజూ పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. పడుకునే ముందు మీరే కథ చదివి వినిపించండి. సొంతంగా చదవలేకపోయినా మాటల సంపద, లోకజ్ఞానం తోటివాళ్లకు తీసిపోకుండా పెరగాలి. ఇక బొమ్మలు వేయడం, క్రికెట్, డప్పు, ఏది బాగా వస్తుందో దాన్ని చదువు పేరు చెప్పి మాన్పించకండి. రోజంతా ఓడిపోయే మనిషికి గెలిచే చోటు ఒకటి ఉండాలి.

బడి చేయాల్సినవి కూడా కష్టమైనవేం కావు. ముందు చెప్పకుండా అందరి ముందు లేపి చదివించకూడదు. తెలిసిన జవాబును నోటితో చెప్పనివ్వాలి. సైన్సు పేపర్లో అక్షరదోషానికి మార్కు కోయకూడదు. బోర్డు మీదది మొత్తం ఎక్కించుకోలేదని ఆటల పీరియడ్ లాక్కోకూడదు.

ఇవేవీ దయాదాక్షిణ్యాలు కావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలను 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. పిల్లల్లో వాటిని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన చర్యలు తీసుకునేలా చూడాలని దాని 16వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికీ ఇది వర్తిస్తుంది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్ల వయసులో, ఏది ముందైతే అప్పుడు, ప్రతి బడిలో టీచర్లే ప్రాథమిక పరిశీలన జరపాలి. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండినవాళ్లకే ఇస్తారు. మళ్లీ పద్నాలుగో ఏట, పద్దెనిమిదో ఏట పరీక్షించాలి.

చాలా బళ్లు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాయి. ఎనిమిదేళ్లు నిండితే గాని ధ్రువపత్రం రాదు కాబట్టి అప్పటిదాకా ఏమీ చేయనక్కర్లేదన్నట్టు ఉంటున్నాయి. ధ్రువపత్రం పరీక్షల్లో అదనపు సమయానికీ, జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌కూ అవసరం. సీబీఎస్ఈ మూడు గంటల పేపరుకు గంట ఎక్కువ ఇస్తుంది. ఆరేళ్ల పిల్లాడికి ఇసుకలో అక్షరం దిద్దించడానికి ఏ పత్రమూ అక్కర్లేదు. పదో తరగతి పరీక్షల ముందు సర్టిఫికెట్ కోసం పరుగెత్తే తల్లిదండ్రులకు అదనపు గంట దొరకవచ్చు. ఆ గంట పదేళ్లుగా రాని చదవడాన్ని తెచ్చిపెట్టదు.

ఎక్కడికి వెళ్లాలి? మండలాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయుల్ని కలవండి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం బడికి వచ్చే ఆర్బీఎస్‌కే వైద్య బృందం చూడాల్సిన సమస్యల్లో అభ్యసన సమస్య కూడా ఒకటి. పిల్లల్ని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపమని వాళ్లను అడగండి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన 'ప్రశస్త్' యాప్‌తో టీచర్లే ప్రాథమిక పరిశీలన చేయవచ్చు. ఎక్కడికి వెళ్లినా ఒక షరతు పెట్టండి: చదువుతున్న భాషలోనూ, ఇంట్లో మాట్లాడే భాషలోనూ పరీక్షించమనండి. ఇంటి దగ్గర ఇంగ్లిష్ ముక్క వినని పిల్లను ఇంగ్లిష్‌లో పరీక్షిస్తే వచ్చే ఫలితాన్ని నమ్మలేం.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. 'మొద్దు' అని పిలవడం, గోడ కుర్చీ వేయించడం, తప్పు రాసిన మాట వందసార్లు రాయించడం, తమ్ముడితో పోల్చి నలుగురిలో నవ్వించడం ఆ కిందికే వస్తాయి. ఇవి చదువు తేవు సరికదా, బడి అంటే కడుపునొప్పి తెస్తాయి. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అంటూ ముడుచుకునే పిల్లల్ని, ఒక్కసారిగా మాటలు తగ్గించేసిన పిల్లల్ని తేలిగ్గా తీసుకోవద్దు. చచ్చిపోతాననే మాట పసినోట వస్తే ఆ క్షణమే పట్టించుకోవాలి. మానసిక సాయానికి టెలిమానస్ 14416, పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098 ఉచితంగా పలుకుతాయి.

ఈ వారంలోనే బడికి వెళ్లండి. మీరు గమనించినవి, పిల్ల రాసిన రెండు నోటుపుస్తకాల పేజీల జిరాక్సులు జతచేసి, 2016 చట్టం 16వ సెక్షన్ కింద పరిశీలన జరపమని ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా ఇవ్వండి. ముట్టినట్టు సంతకం, తేదీ, బడి ముద్ర వేయించుకోండి. నెలలో కదలిక లేకపోతే అదే కాగితం నకలు మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి పంపండి. టీచర్లయితే తల్లిదండ్రులు వచ్చేదాకా చూడకండి. మీ తరగతిలో వాచకం అప్పజెబుతూ కొత్త పేజీ దగ్గర తల దించుకునేది ఎవరో మీకు ఇప్పటికే తెలుసు.