పురుగును చంపిందెవరు?

రాత్రి పదింటికి ఆకు వేసి పడుకునేటప్పుడు షెడ్డంతా ఒకటే చప్పుడు. వేల పట్టుపురుగులు ఒక్కసారిగా ఆకు మేస్తుంటే తాటాకు కప్పు మీద సన్నగా జల్లు పడుతున్నట్టు ఉంటుంది. తెల్లారి నాలుగింటికి మళ్లీ ఆకు వేద్దామని వెళితే ఆ చప్పుడు లేదు. కొన్ని పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్ని పచ్చటి నీళ్లు కక్కి ముడుచుకుపోయాయి. పక్క తట్టలో పురుగులు మాత్రం ఏమీ ఎరగనట్టు మేస్తూనే ఉన్నాయి.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు మల్బరీ తోట ఉన్న ఇంట్లో ఎవరినడిగినా ఈ భయం ఎలాంటిదో చెబుతారు. హార్స్‌లీ కొండల చుట్టుపక్కల గాలి పట్టుపురుగుకు సరిపోతుంది. మరీ ఎండ కాదు, మరీ చలి కాదు. అందుకే ఈ పడమటి మండలాల్లో నీళ్లు తక్కువైనా పట్టు నిలిచింది. పెద్దతిప్పసముద్రం పేరులో సముద్రం ఉంది గానీ, సీమలో ఊరి చివర సముద్రం అని వచ్చిందంటే అది చెరువుకు పెట్టుకున్న ముద్దుపేరని తెలిసిందేగా! చెరువు నిండని ఏడాది కూడా బోరు కింద అరెకరం మల్బరీ ఉంటే నెలకింత చేతికొస్తుందన్నది ఇక్కడి లెక్క.

ఆ లెక్క ఎంత సన్నటి దారం మీద నడుస్తుందో చూడండి. రైతులు 'వంద గుడ్లు' పెంచామంటారు. అంటే వంద పురుగులని కాదు. ఒక్కో తల్లి చిలుక పెట్టిన గుంపును ఒక గుడ్డుగా లెక్కేస్తారు. ఆ గుంపులో నాలుగైదు వందల గుడ్లుంటాయి. కాబట్టి వంద గుడ్లంటే నలభై యాభై వేల నోళ్లు. ఇవి దాదాపు 25 రోజుల్లో నాలుగుసార్లు చర్మం విడుస్తాయి. ఆ విడుపునే ఇక్కడ జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం... నాలుగో జ్వరం లేచాక వారం రోజుల పాటు పురుగు మేసేది మేత కాదు, మన ప్రాణం! మొత్తం జీవితంలో తినే ఆకులో ఎనభై శాతం పైగా ఆ ఒక్క వారంలోనే తింటుంది. ఆకు కోసినవాళ్ల కూలి, ఎరువు, బోరు మోటారు, ఆలుమగల నిద్ర అన్నీ అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. చావు మాత్రం ఎక్కువగా ఆ వారంలోనే వస్తుంది. చాకీ దశలో పోతే వంద గుడ్ల డబ్బు పోయినట్టు. ఐదో దశలో పోతే నెల పోయినట్టు.

అందుకే చచ్చాయని ఏడవడం కంటే ఏది చంపిందో తేల్చుకోవడం ముఖ్యం. కారణం తెలియకుండా సున్నం చల్లి, బ్లీచింగు కొట్టి, దిష్టి తీసి మళ్లీ గుడ్లు తెచ్చుకుంటే అదే కథ తిరిగి మొదలవుతుంది.

అనుమానితులు ఎందరో లేరు. ఒక్కొక్కరూ తమ గుర్తు వదిలి వెళతారు. శవాన్ని చదవడం వస్తే చాలు. మొదటిది పాలరోగం. పుస్తకాల్లో గ్రాసరీ అంటారు. ఇది వైరస్. పురుగు ఒళ్లు ఉబ్బి, కణుపుల మధ్య వాచి, చర్మం తళతళలాడుతుంది. మేత మానేసి తట్ట అంచు పట్టుకుని తిరుగుతూ ఉంటుంది. ముట్టుకుంటే చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది. ఆ ఒక్క చుక్కే పడకంతా అంటించడానికి చాలు. చివరకు వెనక కాళ్లతో వేలాడుతూ తలకిందులుగా చనిపోతుంది. రెండోది సున్నకట్టు. ఇది బూజు. వానకాలం, చలికాలం దీని రోజులు. చచ్చిన పురుగు మొదట మెత్తగా ఉండి, తర్వాత సుద్దముక్కలా బిగుసుకుపోయి, పైన తెల్లటి పొడి పట్టుకుంటుంది. పురుగు మెత్తబడి నల్లబడి కంపు కొడుతుంటే అది ఫ్లాచరీ. ఆకు తడిగానో ముదురుగానో ఉన్నప్పుడు, షెడ్డులో ఉక్క ఎక్కువైనప్పుడు కడుపులో పుట్టే జబ్బు. ఒంటి మీద నల్లటి మచ్చ ఉంటే ఊజీ ఈగ పని. ఈగ పురుగు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పుట్టగానే చర్మం తొలిచి లోపలికి దూరుతుంది, దూరిన చోట మచ్చ మిగులుతుంది. ఇది మన దక్షిణాది ఈగ కాదు. 1980లో బెంగాల్ నుంచి వచ్చిన పట్టుగూళ్లతో కర్ణాటకలో అడుగు పెట్టి, అక్కడి నుంచి మనకూ వచ్చింది. కిటికీకి వల కట్టడం అప్పటి నుంచే మొదలైంది.

ఇక కంటికి కనిపించని గుర్తు పెబ్రిన్‌ది. దీని కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

1850లు, 60లలో ఫ్రాన్సులో పట్టు పరిశ్రమ కుప్పకూలింది. పురుగుల మీద మిరియాల పొడి చల్లినట్టు మచ్చలు, పెరగని ఒళ్లు, కట్టని గూళ్లు. 1865లో ప్రభుత్వం లూయీ పాశ్చర్‌ను దక్షిణాన ఉన్న అలెస్ పట్టణానికి పంపింది. ఆయన రసాయన శాస్త్రవేత్త. అప్పటిదాకా పట్టుపురుగును ముట్టుకున్నవాడు కాదు. దారిలో పురుగుల పండితుడు ఫాబ్ర్ ఇంటికి వెళ్లి ఒక పట్టుగూడు చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర ఊపి, లోపల ఏదో ఉన్నట్టుందే అని ఆశ్చర్యపోయాడట. ఈ సంగతి ఫాబ్రే తర్వాత రాసుకున్నాడు. మన ఊళ్లో బడిపిల్లవాడికి తెలిసిన విషయం పాశ్చర్‌కు తెలియదు! ఆయన గొప్పతనం మాత్రం అక్కడే ఉంది. తెలియదు కాబట్టి ప్రతిదీ చూసుకున్నాడు.

సూక్ష్మదర్శినిలో జబ్బు పురుగుల్లో కోడిగుడ్డు ఆకారంలో మెరిసే కణాలు కనిపించాయి. మొదట్లో ఆయన అవి జబ్బుకు కారణం కాదు, జబ్బు వల్ల పుట్టినవనుకున్నాడు. లెక్క మాత్రం ఎంతకూ కుదరదు. కణాలు లేని గుడ్ల నుంచి వచ్చిన పురుగులు కూడా కొన్నిచోట్ల చచ్చేవి. రెండేళ్లు పట్టింది తేలడానికి. ఎందుకంటే అక్కడ చంపుతున్నది ఒకటి కాదు, రెండు. పెబ్రిన్, ఫ్లాచరీ రెండూ ఒకే షెడ్డులో కలిసి ఉన్నాయి. మధ్యలో తండ్రి పోయాడు, ఇద్దరు కూతుళ్లు పోయారు. 1868లో ఆయనకే పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుబడింది. పని వదల్లేదు. 1870లో పుస్తకం వేశాడు.

ఆయన చూపిన ఉపాయం చాలా తేలిక. తల్లి చిలుక గుడ్లు పెట్టాక దాన్ని నూరి ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద చూడాలి. కణాలుంటే ఆ గుడ్లు కాల్చెయ్యాలి. లేకుంటే ఉంచాలి. ఇవాళ మన గుడ్ల కేంద్రాల్లో చేసేది ఇదే. రైతు కొనే గుడ్ల కాగితం మీద 'రోగరహిత' అన్న మాట నూటయాభై ఏళ్ల కిందటి ఆ చుక్క నుంచి వచ్చింది. కాబట్టి చవగ్గా వస్తున్నాయని తల్లి పరీక్ష లేని గుడ్లు కొనడమంటే పాశ్చర్ కష్టాన్ని అంగడి మెట్ల మీద వదిలి రావడమే.

ఆయనకంటే ముందొకాయన ఉన్నాడు. ఇటలీలో లోదీ ప్రాంతపు అగస్తీనో బస్సీ. సున్నకట్టు రోగం ఎందుకొస్తుందో తెలుసుకోవాలని 1807లో మొదలుపెట్టాడు. 1835లో తేల్చాడు, ఇది గాలి దోషం కాదు, మేత దోషం కాదు, ఒక బూజు వల్ల ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే జబ్బు అని. ఒక జంతువు జబ్బుకు సూక్ష్మజీవి కారణమని లోకంలో మొట్టమొదట రుజువైంది అక్కడే. క్షయ క్రిమిని కాక్ చూపించడానికి 47 ఏళ్ల ముందు! మనుషుల వైద్యం కంటే పట్టుపురుగుల వైద్యమే ముందు నడిచిందన్నమాట. బస్సీ పేరే ఆ బూజుకు పెట్టారు. ఎరువుల అంగళ్లలో 'బవేరియా బాసియానా' అని ప్యాకెట్లు చూసే ఉంటారు, అదే. పంట పురుగులను చంపడానికి అమ్ముతారు. మల్బరీ తోట పక్క పొలంలో సేంద్రియమే కదా అని దాన్ని కొట్టించారో, సున్నకట్టును చేతులారా పిలిచినట్టే.

ఇలాంటిదే మరొకటి. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త, పట్టుపురుగులు ఉన్నట్టుండి కుప్పకూలి చచ్చే జబ్బు నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశాడు. అదే తర్వాత బీటీగా పేరు పడింది. 2002లో మన దేశంలోకి వచ్చిన బీటీ పత్తిలో ఉన్నది దాని జన్యువే. ఒక చోట హంతకుడు, ఇంకో చోట కాపలాదారు.

సరే, మనం మొదట చూసిన షెడ్డులోకి వద్దాం. అక్కడ పాలు లేవు, సున్నం లేదు, మచ్చ లేదు. రాత్రి బాగున్నవి పొద్దునకి వందల్లో పడిపోయాయి. జబ్బు ఇలా రాదు. జబ్బు ఇవాళ పది, రేపు నలభై, ఎల్లుండి మూడు వందలు అని లెక్కపెట్టుకుంటూ వస్తుంది. మందు అలా కాదు, ఒక మేతతో వస్తుంది. ఆ మేత తిన్న తట్టలన్నీ పోతాయి, తినని తట్టలు మిగులుతాయి. పక్క తట్ట మేస్తూనే ఉందన్నది ఈ కేసులో అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. ఆ తట్టకు ఏ మడి ఆకు వేశారు?

మదనపల్లె అంటే టమోటా. దేశంలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. టమోటాకు కాయతొలిచే పురుగు, తెల్లదోమ, వాటికి వారం వారం మందు. కాయతొలిచేదీ పట్టునిచ్చేదీ రెండూ గొంగళి పురుగులే. మందుకు ఆ తేడా తెలియదు. గాలి ఇటు తిరిగితే గట్టుకు ఆనుకున్న నాలుగు సాళ్ల మల్బరీ చాలు. కొన్ని మందులు వెంటనే చంపవు. తెల్లదోమకు వాడే పైరిప్రాక్సిఫెన్ లాంటివి అతి కొంచెం తగిలినా పురుగు మేస్తుంది, బలుస్తుంది, చంద్రికలోకి ఎక్కుతుంది. గూడు మాత్రం కట్టదు. దీనికంటే క్రూరమైనది నాకు కనిపించలేదు. పొగాకు చేను పక్కనున్నా ఇబ్బందే. ఇక ఇంట్లో చేసుకునేది ఒకటుంది, దోమల కాయిల్. షెడ్డుకు ఆనుకున్న గదిలో పిల్లవాడికి దోమలు కుడుతున్నాయని వెలిగిస్తారు. ఆ పొగలోని మందు దోమకు ఎంతో పట్టుపురుగుకూ అంతే.

ఇదే చిక్కు పట్నాల్లో ఉప్పునీటి గాజుతొట్టె పెంచుకునేవాళ్లకూ వస్తుంది. చేపలు హాయిగా ఈదుతుంటాయి. రొయ్యలు, నత్తలు, సముద్రపు పూలు మాత్రం ఒక్కొక్కటే పోతుంటాయి. నీళ్లు చెడితే చేపలకూ ఎంతోకొంత తెలియాలి. వెన్నెముక లేనివే పోతున్నాయంటే మొదటి అనుమానం రాగి మీదికి పోవాలి. చేపల ఒంటి మచ్చలకు ఎప్పుడో వేసిన మందులో రాగి ఉంటుంది, అది రాళ్లలో ఇంకి నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. ఇత్తడి బిగింపులున్న కుళాయి కూడా చాలు. విచిత్రమేమంటే రొయ్య రక్తంలో ఉన్నదీ రాగే. అన్నట్టు, అసలు పగడాలను ఆ తొట్టెలో పెట్టుకోవాలన్న ముచ్చట మన దేశంలో చెల్లదు. 2001 నుంచి అవి పులితో సమానంగా చట్టం కాపాడే జాబితాలో ఉన్నాయి.

షెడ్డులో తేల్చుకునే పరీక్ష ఖరీదైనదేమీ కాదు. అనుమానమున్న మడి నుంచి గుప్పెడు ఆకు, దూరపు మడి నుంచి గుప్పెడు ఆకు. రెండు చిన్న తట్టల్లో ఇరవయ్యేసి పురుగులు. ఒక పూట, మహా అయితే ఒక రోజు చూడాలి. ఒక తట్ట కక్కుకుని పడిపోయి, రెండోది మేస్తుంటే ఆకు దొరికిపోయినట్టే. మందు కొట్టారని తెలిసిన రోజైతే మొత్తానికి వేయకముందే ఇలా చూసుకోవాలి. రెండూ పడిపోతుంటే షెడ్డులోనే ఏదో ఉంది. రెండూ బాగుంటే జబ్బు వైపు వెతకాలి. అప్పుడు పట్టుపరిశ్రమ శాఖ కార్యాలయానికి పట్టుకెళ్లాల్సింది కుళ్లిన పురుగును కాదు, ఇంకా కొన ఊపిరితో ఉన్నవాటిని. సూక్ష్మదర్శినిలో పాలరోగం, పెబ్రిన్ అక్కడికక్కడే కనిపిస్తాయి. అక్కడ తేలకుంటే హిందూపురం దగ్గర కిరికెరలో పరిశోధన సంస్థ ఉంది, మైసూరులో 1961 నుంచి కేంద్ర సంస్థ ఉంది.

మందు మాత్రం సూక్ష్మదర్శినిలో కనపడదు. ఆకులో ఎంత మందుందో తేల్చే పరీక్షకు వేరే యంత్రాలు కావాలి. అది తేలేలోపు ఐదో దశ అయిపోతుంది. దాంతో వ్యవహారం గట్టు మీదికి వస్తుంది.

"ఏం బావా, కొట్టేదానికి ముందు ఒక మాట చెప్పుంటే రెండు దినాల ఆకు కోసి పెట్టుకోనుంటా కదా!"

"నాకేం తెలుసు బావా, గాలి అట్ల తిరుగుతుందని?"

ఇద్దరిదీ నిజమే. ముందు రోజు తెలిస్తే సాయంత్రమే ఆ సాళ్ల ఆకు కోసి తడిగోనె కింద దాచుకోవచ్చు. టమోటా రైతు గాలి నిలిచిన పొద్దుట పూట కొట్టుకోవచ్చు. కానీ టమోటాకు ధర ఉన్న వారంలో కూలీ దొరికిన గంటే మంచి ముహూర్తం. అందుకే కొందరు గట్టు పొడవునా రెండు సాళ్ల మల్బరీని మేతకు వాడకుండా ఎత్తుగా వదిలేస్తున్నారు, మందు గాలి ముందు దానికి తగలనీ అని. ఉన్నదే అరెకరమైనవాడికి ఆ రెండు సాళ్లంటే పది గుడ్ల మేత.