లీకును పట్టుకోవడమూ గ్రీన్ జాబే!

గ్రీన్ జాబ్ అనగానే మీకేం గుర్తొస్తుంది? సోలార్ ప్యానెల్, గాలిమర, ఎలక్ట్రిక్ స్కూటర్. మరి చమురు, గ్యాస్ కంపెనీ అంటే? గేట్ స్కోరు, పీఎస్‌యూ జీతం, క్వార్టర్స్. లేదంటే ‘ఆ రంగం ఇంకెన్నాళ్లుంటుందిలే’ అనే పెదవి విరుపు. ఈ రెండింటి మధ్య ఒక పని ఉంది. పర్యావరణానికి ఈ దశాబ్దంలోనే ఫలితం చూపించగల పని. మెకానికల్, కెమికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవాళ్లు, డిప్లొమా, కెమిస్ట్రీ డిగ్రీవాళ్లు చేయగల పని. చమురు, గ్యాస్ బయటికి తీసే చోట, శుద్ధి చేసే చోట వృథాగా గాల్లో కలుస్తున్న వాయువుల్ని ఆపడమే అది. మన విద్యార్థులు దీన్ని పట్టించుకోకపోవడం పొరపాటని నా అభిప్రాయం.

ముందు లెక్క చూద్దాం. అంతర్జాతీయ ఇంధన సంస్థ (ఐఈఏ) అంచనా ప్రకారం 2022లో చమురు, గ్యాస్ తవ్వకం, రవాణా, శుద్ధి పనుల వల్ల దాదాపు 510 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడ్డాయి. ఇంధన రంగం మొత్తం ఉద్గారాల్లో ఇది సుమారు 15 శాతం. మనం బండిలో పోసుకుని కాల్చే పెట్రోలు ఇందులో లేదు. అది మన ట్యాంకులోకి రాకముందే జరిగిన నష్టమిది.

ఇందులో పెద్ద దోషి మీథేన్. 20 ఏళ్ల కాలానికి లెక్కిస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అయితే వాతావరణంలో పన్నెండేళ్లకు మించి పెద్దగా నిలవదు. అంటే ఇవాళ లీకు ఆపితే ఫలితం మీ మనవల కాలానికి కాదు, మీకు నలభై ఏళ్లు రాకముందే కనిపిస్తుంది.

ఎక్కడెక్కడ పోతోంది?

కోనసీమ వైపు వెళ్లినవాళ్లకు రాత్రిపూట కొబ్బరి చెట్ల వెనక వెలిగే మంట తెలుసు. దాన్నే ఫ్లేర్ అంటారు. పైపులోకి పంపే వీల్లేని గ్యాస్‌ను, ఒత్తిడి పెరిగినప్పుడు వదలాల్సిన గ్యాస్‌ను అక్కడ కాల్చేస్తారు. భద్రత కోసం కొంత తప్పదు. కానీ రోజూ అలవాటుగా కాల్చడం వేరు. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 2023లో ప్రపంచవ్యాప్తంగా ఇలా కాలిపోయిన గ్యాస్ 14,800 కోట్ల ఘనపు మీటర్లు. వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతి చేసుకునే మన దేశానికి ఇలాంటి వృథా ఎంత భారమో వేరే చెప్పాలా? పైగా మంట సరిగా వెలగకపోతే, గాలికి ఆరిపోతే మీథేన్ నేరుగా పైకి పోతుంది.

మంట కనీసం కంటికి కనిపిస్తుంది. కనిపించనివే ఎక్కువ. కంప్రెసర్ సీళ్లు, రాడ్ ప్యాకింగులు అరిగినచోట, వాల్వులు, ఫ్లాంజీల సందుల్లో, చమురు ట్యాంకుల మూతల దగ్గర, గ్యాస్ ఒత్తిడితోనే నడిచే కంట్రోలర్లలో... కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. వీటికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో లీకు వెతికి, బిగించి, మళ్లీ పరీక్షించడం. తడి సీళ్ల స్థానంలో పొడి సీళ్లు పెట్టడం. కంట్రోలర్లను గ్యాస్‌కు బదులు గాలితోనో కరెంటుతోనో నడపడం. ట్యాంకు ఆవిరిని పట్టి తిరిగి పైపులోకి పంపడం. చమురు, గ్యాస్ రంగంలోని మీథేన్‌ను ఇప్పుడున్న పరిజ్ఞానంతోనే సుమారు 70 శాతం తగ్గించవచ్చని ఐఈఏ చెబుతోంది. మిగిల్చిన గ్యాస్ అమ్ముకోవచ్చు కాబట్టి ఇందులో కొంత పనికి పెట్టిన ఖర్చు దానంతటదే తిరిగొస్తుంది.

ఇది పర్యావరణం సంగతి మాత్రమే కాదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. లీకేజీల గురించి ముందే చెప్పామని గ్రామస్థులు వాపోయారు. లీకును సకాలంలో పట్టుకునే వ్యవస్థ ఉంటే వాతావరణమే కాదు, ఊళ్లూ బతుకుతాయి. ఈ ఉద్యోగం విలువ ఏమిటో మన తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కొలిచారా, లెక్కేశారా?

మరి కంపెనీలు ఏమంటున్నాయి? 2023 డిసెంబరులో దుబాయ్ వాతావరణ సదస్సులో దాదాపు 50 చమురు, గ్యాస్ కంపెనీలు 2030 నాటికి మీథేన్‌ను సున్నాకు దగ్గరగా తెస్తామని, రోజువారీ ఫ్లేరింగ్ ఆపేస్తామని సంతకాలు చేశాయి. మన దగ్గర ఓఎన్‌జీసీ 2038 నాటికి, గెయిల్ 2035 నాటికి తమ సొంత కార్యకలాపాల్లో నెట్ జీరో సాధిస్తామన్నాయి. రిఫైనరీల్లో లీకులు వెతికి బాగుచేసే ‘ఎల్‌డార్’ విధానం 2008 నాటి పర్యావరణ నిబంధనల్లోనే ఉంది. 2023లో నోటిఫై అయిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం పరిధిలోకి రిఫైనరీలు కూడా వస్తున్నాయి.

కాగితం మీద అంతా బాగానే ఉంది. అనుమానపడాల్సింది ఇక్కడే. చాలాచోట్ల ఉద్గారాలను కొలవరు. ఇన్ని వాల్వులున్నాయి, ఒక్కోదాని నుంచి సగటున ఇంత పోతుంది అని గుణించి రిపోర్టులో రాస్తారు. అమెరికాలో పరిశోధకులు నిజంగా కొలిచి చూస్తే, 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ప్రభుత్వ లెక్క కంటే మీథేన్ సుమారు 60 శాతం ఎక్కువగా తేలింది. కొలవనిదాన్ని తగ్గించామని ఎలా చెబుతారు?

రేపు ఆ రిపోర్టులో అంకెలు నింపేది మీరే కావచ్చు. ‘పోయినేడాది షీటే ఉంది కదా, తేదీ మార్చి పంపెయ్’ అనే సీనియర్ ఎదురు కావచ్చు. అప్పుడు మీరేం చేస్తారన్నదే అసలు పరీక్ష. చమురు కంపెనీలో చేరడం తప్పు కాదు. తప్పుడు లెక్క రాయడం తప్పు.

‘ఎంత లీకులు ఆపినా చివరికి ఆ చమురును కాల్చేదేగా’ అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాల్చడం వల్ల వచ్చే ఉద్గారాలే ఎన్నో రెట్లు ఎక్కువ. లీకులు ఆపి ‘మాది పచ్చ చమురు’ అని ప్రచారం చేసుకుంటే నమ్మకండి. కానీ పూర్తిగా మానేసే రోజు వచ్చేదాకా కారనిద్దామా? ఇల్లు మారబోతున్నామని కారే కుళాయిని వదిలేయం కదా.

ఏం నేర్చుకోవాలి?

‘మీథేన్ ఇంజినీర్’ అనే పేరుతో నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి. ఈ పని హెచ్ఎస్ఈ, ప్రాసెస్, పైపులైన్ ఇంటెగ్రిటీ, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎనర్జీ సెల్ వంటి పేర్ల కింద దాక్కుని ఉంటుంది. చమురు కంపెనీల్లోనే కాదు, వాటికి తనిఖీలు చేసిపెట్టే సర్వీస్ సంస్థల్లో, ఇంటింటికీ పైపు గ్యాస్ ఇచ్చే సంస్థల్లో కూడా చూడండి.

ఇన్‌స్ట్రుమెంటేషన్‌వాళ్లు గ్యాస్ డిటెక్టర్లు, ఫ్లో మీటర్ల కాలిబ్రేషన్ గట్టిగా నేర్చుకోండి. మెకానికల్‌వాళ్లు కంప్రెసర్లు, సీళ్లు, తుప్పు నివారణ మీద పట్టు సాధించండి. కంప్యూటర్స్‌వాళ్లకూ చోటుంది. ఐరోపా సెంటినెల్-5పీ ఉపగ్రహం సేకరిస్తున్న మీథేన్ డేటా ఉచితంగా దొరుకుతుంది. పైథాన్ వస్తే దానిమీదే ఫైనలియర్ ప్రాజెక్టు చేయొచ్చు. రెజ్యూమెలో అరిగిపోయిన ప్రాజెక్టుల మధ్య అది వేరుగా నిలుస్తుంది.

చమురు రంగం తగ్గిపోతే ఈ నైపుణ్యం వృథా అవుతుందన్న భయం వద్దు. బయోగ్యాస్ ప్లాంట్లు, చెత్త డంపింగ్ యార్డులు, రసాయన పరిశ్రమలు, రేపటి హైడ్రోజన్ పైపులు... లీకు లేని చోటు లేదు.

చివరగా ఒక సూచన. ఇంటర్వ్యూలో ‘మమ్మల్ని ఏమైనా అడగాలా?’ అన్నప్పుడు తల అడ్డంగా ఊపి రాకండి. ‘మీ సైట్‌లో మీథేన్‌ను కొలుస్తున్నారా, ఫార్ములాతో లెక్కేస్తున్నారా సార్?’ అని మర్యాదగా అడగండి. వాళ్లు చెప్పే జవాబును బట్టి ఆ కంపెనీ ఏమిటో మీకు తెలుస్తుంది. మీరేమిటో వాళ్లకూ తెలుస్తుంది.