ప్రేమకథకి అంత పెద్ద ఓడ ఎందుకు?

పాత ప్రేమ సినిమాల ప్రస్తావన వస్తే చాలు, మన హాస్టళ్లలో ఎవడో ఒకడు ఈ జోక్ వేస్తాడు: "వాళ్ల దగ్గర ఫోనుంటే సినిమా ఇంటర్వెల్‌కి ముందే అయిపోయేది!" అందరం నవ్వుతాం. జోక్ బాగానే ఉంటుంది కూడా. కానీ ఒక్కసారి దాన్ని జోక్‌లా కాకుండా టెస్ట్ కేస్‌లా తీసుకుని చూడండి. ఏ ప్రేమ సినిమా అయినా సరే, ఇద్దరి చేతికీ చెరో ఫోన్ ఇవ్వండి. కథ కూలిపోయిందా? అయితే అది అపార్థం మీద నిలబడ్డ కథ. కూలకుండా ఉందా? అంటే అసలు అడ్డం ఇంకెక్కడో ఉంది.

ఈ టెస్ట్‌లో చాలా సినిమాలు ఫెయిల్. సగం మాట చెవినపడగానే మిగతా సగం వినకుండా రైలెక్కేసే హీరోలు మనకేం తక్కువ లేరు. పాసయ్యేవి కొన్నే. యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా జనం మళ్లీ చూస్తున్నవి ఎక్కువగా ఆ కొన్నే అని నా అభిప్రాయం. దేవదాసుకి ఫోన్ ఇచ్చారనుకోండి, పార్వతికి ఉత్తరంలో ఏం రాశాడో అదే మెసేజ్ కొడతాడు. అతనికి లేనిది సిగ్నల్ కాదు, ధైర్యం. టైటానిక్‌లో అయితే వైర్‌లెస్ ఉంది కూడా. ముందు మంచుకొండలున్నాయని వేరే ఓడల నుంచి హెచ్చరికలు వచ్చాయి. దగ్గర్లో ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడలో ఆపరేటర్ ఆ రాత్రికి పని ముగించుకుని పడుకున్నాడు. సిగ్నల్ పంపడం వేరు, అవతల వినేవాడు మేలుకుని ఉండటం వేరు. ఈసీఈ వాళ్లు ఏమనుకోకండి.

ఈ టెస్ట్‌కి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ 1951లో వచ్చిన మల్లీశ్వరి. వాహినీ సంస్థ, బి.ఎన్. రెడ్డి దర్శకత్వం, భానుమతి, ఎన్టీఆర్, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకి రాయడం దీనితోనే మొదలు. బ్లాక్ అండ్ వైట్ అనగానే స్కిప్ చేసేవాళ్లు కనీసం మొదటి నలభై నిమిషాలు ఓపిక పట్టండి.

కృష్ణదేవరాయల కాలం. నాగరాజు శిల్పి, మల్లి అతని మరదలు. సంత నుంచి బండిలో వస్తూ వానకి ఓ పాడుబడ్డ మంటపంలో ఆగుతారు. మల్లి పాడుతుంది, ఆడుతుంది. మారువేషంలో తిరుగుతున్న రాయలూ అల్లసాని పెద్దనా అదే చోట తలదాచుకుని అది చూసి మురిసిపోతారు. వాళ్లెవరో నాగరాజుకి తెలీదు. రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండి అని సరదాగా అంటాడు. అతను వేసిందీ జోకే! తర్వాత అత్త డబ్బు సంపాదించుకు రమ్మనే సరికి శిల్పాలు చెక్కడానికి ఊరు వదిలి వెళ్తాడు. ఈలోగా ఊళ్లోకి నిజంగానే పల్లకీ వస్తుంది. అందులో ఎక్కి రాణివాసానికి వెళ్లిన పిల్ల ఇక తిరిగి రాదు.

ఇందులో విలన్ ఎవరో చెప్పండి చూద్దాం. తల్లికి డబ్బాశ ఉంది నిజమే, కానీ ఆమె కూతుర్ని బాగా బతకమనే కోరుకుంటోంది. రాయలు మనసులో తను ఒక కళాకారిణికి గౌరవం చేస్తున్నాడు. బావ వేసింది జోక్. పల్లకీ మోసేవాళ్లు వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. కొట్టడానికి ఒక్క మనిషి దొరకడు. అడ్డంగా నిలబడ్డది ఒక పద్ధతి, అదీ పూలూ నగలూ వేసుకుని వచ్చిన పద్ధతి. అందుకే ఆ పల్లకీ ఊళ్లోకి వస్తుంటే, మేళాలు మోగుతుంటే, మనకి ఒళ్లు జలదరిస్తుంది. ఫోనుంటే ఏం చేసేవాళ్లు? "బావా, పల్లకీ వచ్చింది" అని మెసేజ్ వెళ్లేది. రెండు బ్లూ టిక్కులు పడేవి. అంతే కదా.

ఈ సినిమాలకి పెద్ద సెట్లు, సైన్యాలు, ఓడలు ఎందుకని అడిగితే నా జవాబు ఇదే. అవి హంగు కోసం అని చాలామంది అనుకుంటారు. హంగు కోసం పెట్టినవీ ఉన్నాయి, అవి రెండేళ్లలో మర్చిపోతాం. మిగిలేవాటిలో సెట్టే అడ్డం. 1960లో కె. ఆసిఫ్ తీసిన మొఘల్-ఎ-ఆజమ్‌లో శీష్ మహల్ పాట గుర్తుందా? గది నిండా అద్దాలు, ప్రతి అద్దంలోనూ అనార్కలి. ఒక కనీజ్ పాదుషా ఎదుట భయపడకుండా పాడుతోంది, పాదుషా ఎటు తల తిప్పుకున్నా ఆమే కనిపిస్తోంది. ఆ అద్దాలు తీసేస్తే పాట మిగులుతుందేమో గానీ అక్బర్‌కి పట్టిన చెమట మిగలదు. (చరిత్ర ప్రకారం అనార్కలి ఉందా లేదా అన్నది వేరే గొడవ. జహంగీర్ తన ఆత్మకథలో ఆమె ఊసే ఎత్తలేదు. మనకి ఆమె బాగా పరిచయమైంది 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ రాసిన ఉర్దూ నాటకం వల్ల.)

టైటానిక్ దగ్గరికి వద్దాం. మనలో చాలామంది ఈ సినిమా గురించి వాదించుకునేది చివర్లో ఆ తలుపు మీద ఇద్దరు పట్టేవాళ్లా లేదా అని. జనం వదలట్లేదని కామెరానే 2023లో ఒక నేషనల్ జియోగ్రాఫిక్ డాక్యుమెంటరీ కోసం స్టంట్ వాళ్లతో ప్రయోగం చేయించాడు. ఒక పద్ధతిలో జాక్ బతికి ఉండొచ్చని తేలింది కూడా. మెకానికల్ వాళ్లకి బయోయన్సీ చర్చకి పనికొస్తుంది గానీ, నన్నడిగితే ఆ సినిమాలో ఇంజినీర్లు చూడాల్సిన సీన్ వేరే ఉంది. సినిమా మొదట్లో ముసలి రోజ్‌కి ఓడ ఎలా మునిగిందో కంప్యూటర్ యానిమేషన్‌లో చూపిస్తారు. ఎన్ని గదుల్లోకి నీరొచ్చింది, వెనక భాగం ఎలా లేచింది, ఎక్కడ విరిగింది. చూపించేవాడు భలే హుషారుగా చెప్తాడు. కామెరాన్ అక్కడ చేసిన పని చూడండి: రెండు గంటల తర్వాత ఓడ నిజంగా మునుగుతున్నప్పుడు మనం "ఇదెలా జరుగుతోంది" అని బుర్ర గోక్కోనక్కర్లేదు. టెక్నికల్ డౌట్లన్నీ ముందే తీర్చేశాడు. ఇక మిగిలింది మనుషుల్ని చూడటమే.

ఇంకో సంగతి. మెషిన్ లెర్నింగ్ మొదలెట్టిన ప్రతివాళ్లూ కాగుల్‌లో టైటానిక్ డేటాసెట్ డౌన్‌లోడ్ చేసే ఉంటారు. 891 వరుసలు. ఎవరు బతికారో, ఎవరు పోయారో ఊహించాలి. ఆడవాళ్లంతా బతికారు, మగవాళ్లంతా పోయారు అని గుడ్డిగా రాసిచ్చినా 75 శాతం దాటేస్తుంది. దాని తర్వాత బాగా పనికొచ్చే కాలమ్‌లలో ఒకటి టికెట్ తరగతి. మొదటి తరగతిలో ప్రతి పదిమందికి ఆరుగురు బతికితే మూడో తరగతిలో నలుగురికి ఒక్కరు. రోజ్ వివరాలు అందులో వేయండి: ఆడపిల్ల, 17 ఏళ్లు, మొదటి తరగతి. జాక్‌వి వేయండి: మగవాడు, 20 ఏళ్లు, మూడో తరగతి. మోడల్‌కి సినిమా చూపించకుండానే క్లైమాక్స్ చెప్పేస్తుంది. మంచుకొండకి ఎవరిది ఏ క్లాసో తెలీదు. లైఫ్‌బోట్లకి తెలుసు. కోట్లమంది ఏడ్చింది ఆ ఓడ గురించి అనుకుంటాం గానీ, ఆ ఏడుపులో కొంత ఈ కాలమ్ గురించే.

అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన షాట్ ఓడది కాదు, చివర్లో ముసలి రోజ్ మంచం పక్కన ఉన్న ఫొటోలది. గుర్రం మీద ఉంటుంది, విమానం దగ్గర ఉంటుంది. ఒక్క మాట లేకుండా కెమెరా వాటి మీదుగా వెళ్తుంది. అతను పోయాక ఆమె ఏడుస్తూ కూర్చోలేదు, పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, గాల్లో ఎగిరింది. మన దేవదాసు పద్ధతికి పూర్తిగా రివర్స్. ప్రేమ ఎంత గొప్పదో నిరూపించడానికి చచ్చిపోవడం ఒక్కటే దారి కాదని మూడు గంటల ఏడుపు తర్వాత ఆ ఫొటోలు చెప్తాయి. మన సినిమాల్లో ఇలాంటి ముసలావిడ ఎప్పుడొస్తుందో.

ఇంతవరకూ పొగిడాను. ఇక నాకు గుచ్చుకునే విషయం.

ఈ పెద్ద ప్రేమ సినిమాల్లో ప్రేమకి అడ్డం వచ్చేవాటి లిస్టు రాస్తే రాజు, యుద్ధం, సరిహద్దు, సముద్రం వస్తాయి. మన ఇళ్లలో ప్రేమకి అడ్డం వచ్చేది మాత్రం ఆ లిస్టులో దాదాపు కనిపించదు. మల్లీ, నాగరాజూ బావామరదళ్లు, అంటే కులం అన్న ప్రశ్నే రాదు. 2022లో వచ్చిన సీతారామం నాకు చాలా ఇష్టం. (మొఘల్-ఎ-ఆజమ్ లాగే అదీ ఆగస్టు 5నే రిలీజైంది, ఊరికే చెప్తున్నా.) ఇరవై ఏళ్లు ఆలస్యంగా చేరిన ఉత్తరం, కశ్మీర్ మంచు, రాకుమారి, సైనికుడు. ఫోన్ టెస్ట్ పాస్, శత్రువుల జైల్లో ఉన్నవాడికి ఫోన్ ఎవరిస్తారు? కానీ రామ్ అనాథ. ఎవరి పిల్లాడో ఎవరికీ తెలీదు. అనాథ హీరోకి మన సినిమాల్లో ఎంత గిరాకీ ఉందో గమనించారా? కులం కాలమ్ ఖాళీగా వదిలేయడానికి అంతకన్నా సులువైన దారి లేదు. సీత అసలు పేరు నూర్జహాన్ అని తెలిసి హాలంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆ హాల్లోనే కూర్చున్న ఎంతమంది తమ ఇంట్లో పిల్ల వేరే మతం అబ్బాయి పేరు చెబితే అన్నం ముందు నుంచి లేచిపోతారో మీకూ నాకూ తెలుసు.

దీనికి జవాబుగా "సినిమా చూసేది మర్చిపోవడానికే కదా" అంటారు. ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. పెద్ద తెర ఏం చూపిస్తుందో అంతే బలంగా దాచనూగలదు. గాన్ విత్ ద విండ్ చూడండి. 1939 సినిమా, దాదాపు నాలుగు గంటలు. అట్లాంటా తగలబడటం, స్కార్లెట్ పొగరు, ఎర్రటి ఆకాశం, ఇవన్నీ ఈరోజుకీ కళ్లు తిప్పనివ్వవు. అదే సినిమా బానిసత్వాన్ని యజమానుల పోయిన వైభవంలా చూపిస్తుంది. అందులో మామీ పాత్ర వేసిన హాటీ మెక్‌డానియల్‌ని అట్లాంటా ప్రీమియర్‌కి రానివ్వలేదు. ఆ పాత్రకే ఆమెకి ఆస్కార్ వచ్చింది, నల్లజాతి వాళ్లలో అదే మొదటిది. ఆ రాత్రి ఆ హోటల్లో ఆమెని మిగతా టీమ్‌తో కాకుండా వేరే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. నిషేధించాలని నేను అనను. 2020లో ఒక స్ట్రీమింగ్ సంస్థ కొన్నాళ్లు తీసేసి, ముందు ఒక పరిచయం జోడించి మళ్లీ పెట్టింది, అది నాకు సబబుగానే అనిపించింది. ఆ టేబుల్ సంగతి తెలిశాక మాత్రం ఆ ఎర్రటి ఆకాశం మునుపటిలా కనిపించదు.

పోనీ, కులం పేరు ఎత్తితే సినిమా చిన్నదైపోతుందా? డాక్యుమెంటరీలా ఎండిపోతుందా? ఈ భయానికి మరాఠీలో 2016లోనే జవాబొచ్చింది. నాగరాజ్ మంజులే తీసిన సైరాట్. అజయ్-అతుల్ సంగీతాన్ని లాస్ ఏంజెలెస్‌లో పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేయించారు. ఊరి బావులూ చెరకు తోటలూ, బుల్లెట్ నడుపుకుంటూ వచ్చే పెద్దింటి ఆర్చీ, చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చిన పర్శ్యా. మొదటి సగం చూస్తుంటే పాదుషాల ప్రేమకి వాయించాల్సిన వయొలిన్లు వీళ్లిద్దరి కోసం వాయిస్తున్నారేంటి అనిపిస్తుంది. ఆ ఆశ్చర్యమే ఆ సినిమా చేసిన వాదన. ఇప్పటిదాకా ఆ వయొలిన్లు ఎవరికి దక్కాయో, ఎవరికి దక్కలేదో అప్పుడు వెలుగుతుంది.

రెండో సగంలో ఆర్కెస్ట్రా తగ్గిపోతుంది. గదికి అద్దె, నీళ్లు, చిన్న చిన్న గొడవలు, అనుమానం, మళ్లీ కలవడం. ప్రేమకథల్లో ఎప్పుడూ చూపించని నెల జీతం బతుకు. చివరి నిమిషాల్లో అసలు శబ్దమే ఉండదు. ఏం జరుగుతుందో చూడనివాళ్ల కోసం చెప్పను. ఫోన్ టెస్ట్ అంటారా, అందులో ఫోన్ ఉంది. ఆర్చీ దాంతో వాళ్లమ్మకి కాల్ చేస్తుంది కూడా.

అయితే ఆ రెండో సగం జరిగేది ఎక్కడో తెలుసా? హైదరాబాద్‌లో. ఊరొదిలి పారిపోయి వచ్చిన ఆ ఇద్దరూ బతికేది మన నగరంలో. ఆర్చీ ఫ్యాక్టరీలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుంటుంది. చార్మినార్ పాటలకి, ఐటీ టవర్లు ప్రేమ సీన్లకి వాడుకున్న మన సినిమా, దాక్కోవడానికి వచ్చిన జంటలకి ఇదే ఊరు ఎలా కనిపిస్తుందో ఆ స్థాయిలో చూపించింది తక్కువ. డబ్బు లేక కాదు. మన దగ్గర ఒక్క యుద్ధం సీన్‌కి పెట్టే ఖర్చు చాలు.

మన క్లబ్ స్క్రీనింగ్‌కి ఈసారి ఏ సినిమా వేయాలో ఓటింగ్ పెడుతున్నారు. టైటానిక్‌కి చాలా ఓట్లు పడతాయి, పడనివ్వండి, నేనూ వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. నా ఓటు మాత్రం సైరాట్‌కి. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూద్దాం. హైదరాబాద్ భాగంలో అక్కడక్కడా మనకి వాటి అవసరం కూడా రాదు.